కూతలు లెక్కపెట్టే పెట్టె

మరియరాణి పప్పు మాడ్చడంతో మొదలైంది ఇదంతా. అంతకుముందు ఆమె వంటకు వంక పెట్టినవాళ్లు లేరు. సిడ్నీ శివారు టూంగాబీలో వాళ్ల అద్దె ఇంటికి వంటగది ఒక కొస, స్నానాల గది ఇంకో కొస. పొయ్యి మీద కుక్కర్ పెట్టి చంటిపిల్ల ప్రిస్సిల్లాకు నీళ్లు పోయడానికి వెళితే, కుళాయి హోరులో కూతలు వినబడవు. ఒకటి కూసిందో, మూడు కూసిందో దేవుడికే తెలియాలి. కందిపప్పు రెండోసారి అడుగంటిన రోజు ఆమెకు ఒళ్లు మండిపోయింది. మామూలు మనిషైతే పిల్లకు ముందు నీళ్లు పోసి, ఆ తర్వాత పొయ్యి వెలిగించేది. మరియరాణి మాత్రం అటక మీదున్న సోల్డరింగ్ ఐరన్ దించింది.

ఆమె గుంటూరులో ఆడపిల్లల పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పిన మనిషి. సిడ్నీకి వచ్చాక ఎక్కడికి వెళ్లినా ఒకటే ప్రశ్న, ఇక్కడ పనిచేసిన అనుభవం ఉందా అని. పని ఇస్తేనే కదా అనుభవం వచ్చేది! అంత చిన్న సంగతి ఆ కోటువాళ్లకు ఎందుకు తట్టదో ఆమెకు అర్థమయ్యేది కాదు. భర్త రాయప్పది దొంగల అలారాలు అమ్మే కంపెనీలో ఉద్యోగం. నోరు మంచిది, నవ్వు మంచిది. ఫ్యూజు మార్చాలంటే మాత్రం భార్యను పిలుస్తాడు.

కుక్కర్ కోసం ఆమె చేసిన పెట్టెలో పెద్ద మాయలేమీ లేవు. ఒక మైకు, కూతను మాత్రమే పట్టుకుని మిగతా శబ్దాలను వదిలేసే వడపోత, లెక్క కట్టే చిప్పు, మూడు కాగానే స్నానాల గదిలో మోగే బజరు. అసలు కిటుకు వేరే చోట ఉంది. కుక్కర్ ఒక్క కూత కూసి బుద్ధిగా ఊరుకోదు. వెయిట్ లేస్తుంది, దిగుతుంది, మళ్లీ తుస్సుమంటుంది, ఇంకోసారి చీదుతుంది. వంట చేసేవాళ్లకు అదంతా కలిపి ఒక్క కూతే. పెట్టెకు ఆ సంగతి తెలియదు కాబట్టి, ఒక కూత వినగానే అది కాసేపు చెవులు మూసుకునేలా చేసింది. ఆ తర్వాత ఆ ఇంట్లో పప్పు మాడలేదు.

అది తొంభై ఒకటో సంవత్సరం. ఇంటర్నెట్ ఇళ్లలోకి రాలేదు. ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్నవాళ్లకు బులెటిన్ బోర్డులుండేవి. మోడెమ్‌తో ఫోన్ కలిపితే ఎవరి ఇంట్లోనో ఉన్న కంప్యూటర్ పలుకుతుంది, అక్కడ సందేశాలు చదువుకోవచ్చు, రాసుకోవచ్చు, బొమ్మలు పెట్టుకోవచ్చు. దగ్గర్లోనే గిరావీన్‌లో కాలిన్ అనే ఆయన అలాంటి బోర్డు నడిపేవాడు. ఆయనకు అలారాలు తయారుచేసే చిన్న వర్క్‌షాపు కూడా ఉంది. బోర్డులో చేరాలంటే అసలు పేరు ఇవ్వాలి. కాలిన్ స్వయంగా ఇంటికి ఫోన్ చేసి, ఆ పేరు గల మనిషి నిజంగా ఉన్నాడని తేల్చుకున్నాకే లోపలికి రానిస్తాడు. ముద్దుపేర్లు ఆ తర్వాత ఎన్నయినా పెట్టుకోవచ్చు.

మోడెమ్ తెచ్చింది రాయప్ప. ఫోన్ ఎత్తిందీ రాయప్పే. "ఆడమనిషి పేరెందుకు రాణీ, ప్రతివాడూ పలకరిస్తాడు. నా పేరు రాయించా. ఎవరి పేరైతే ఏముంది?" అన్నాడు. అప్పుడు మరియరాణికీ ఏమీ అనిపించలేదు. పిల్ల పడుకున్నాక మధ్యాహ్నాలు కూర్చుని, రాయప్ప పేరుతో ప్రశ్నలడిగింది, జవాబులిచ్చింది, కుక్కర్ పెట్టె బొమ్మ గీసి పెట్టింది. తెలియని ఊళ్లో తన మాట వినేవాళ్లు దొరికారని ఆమెకు ప్రాణం లేచొచ్చింది. వాళ్లు రాయప్పను రే అని కుదించి "థాంక్స్ రే" అని రాసినా ఆ థాంక్స్ తనకేనని ఆమెకు తెలుసు కదా.

తర్వాత కొన్నాళ్లకు డింగో అనే ముద్దుపేరుతో రాసే ట్రెవర్, పొరుగింటి కుక్క అరుపులు లెక్కపెట్టే యంత్రం కనిపెట్టానని బోర్డు మీద పెట్టాడు. ఊరి కౌన్సిల్‌కు ఫిర్యాదు చెయ్యడానికట. మరియరాణి బొమ్మ చూసింది. అది తన పెట్టే. మైకు, వడపోత, చిప్పు, చెవులు మూసుకునే వేళతో సహా. మార్చింది పేరొక్కటే. ఇంట్లో దొంగ పడ్డా అంత కోపం వచ్చేది కాదు.

"ఇది నా డిజైన్" అని రాసింది. ఒకే ఆలోచన ఇద్దరికి రాకూడదా అన్నాడు డింగో. నువ్వే ఏ పత్రికలోంచో ఎత్తుకొచ్చి ఉంటావు అన్నాడు. బోర్డు రెండు జట్లయింది. పెట్టింది పదిమంది వాడుకోవడానికేగా, పేరు కోసం ఈ ఏడుపేంటని కొందరు. వాడుకోండి, ఎవరిదో ఒక ముక్క రాయడానికి చేతులు నొప్పా అని కొందరు. మరియరాణి ఒక్కటే అడిగింది: కుక్క వరసగా మొరుగుతుంది, ఒక అరుపు విని నీ యంత్రం చెవులు మూసుకుంటే మిగతావి ఎవరు లెక్కపెడతారు? డింగో తిట్లకు దిగాడు.

చివరికి కాలిన్ రాశాడు. ఈ పెట్టెను తన వర్క్‌షాపులో తయారుచేద్దామని ఉందట. గీసిన మనిషికి పని కూడా ఇస్తాడట. ఇద్దరూ ఆదివారం తన ఇంటికి బార్బీకి, అంటే పెరట్లో మాంసం కాల్చుకుని తినే విందుకి, వస్తే, బల్ల మీద బొమ్మ పెట్టి ఎవరిదో తేలుద్దాం అన్నాడు. కింద ఎప్పటి నియమం మళ్లీ గుర్తుచేశాడు: వేరేవాళ్ల పేరుతో రాసినట్టు తెలిస్తే ఖాతా తీసేస్తాను, పెట్టినవన్నీ చెరిపేస్తాను.

పని అన్న మాట చదివి మరియరాణి గుండె ఎగిరింది. నియమం చదివాక అదే గుండె జారింది.

"నేనే వచ్చి చెప్తానండీ. నాదని చెప్తే ఏమవుద్ది?" అంది భర్తతో.

"ఏమవుద్దా? ఇన్నాళ్లూ దొంగ పేరుతో రాశారని మనల్ని గెంటేస్తాడు. నీ బొమ్మ చెరిపేస్తాడు. ఆ ట్రెవర్‌గాడిది మాత్రం ఉంటది. అదేనా నీక్కావాల్సింది?"

"మరి మీదని చెప్తే అది నాదెట్లా అవుద్ది?"

రాయప్ప తల గోక్కున్నాడు. "మా ఆఫీసులో మనుషుల్ని తీసేస్తన్నారు రాణీ. నీకు చెప్పలా. నా వంతు కూడా వచ్చేట్టుంది" అన్నాడు మెల్లగా.

నోరు విప్పితే పెట్టె దొంగకు పోతుంది. నోరు మూసుకుంటే మొగుడికి పోతుంది. తనకు మిగిలే దారి ఎటు వెతికినా కనిపించలేదు. ఆ వారమంతా, సండే స్కూల్లో పిల్లలకు కంఠత వాక్యం చెప్పించినట్టు, రాయప్పకు సర్క్యూట్ చెప్పించింది. అతను ఆఫీసు నుంచి రాగానే అప్పగించేవాడు. తప్పు చెబితే మళ్లీ మొదటినుంచి.

ఆదివారం ఆరాధన అయ్యాక గిరావీన్ వెళ్లారు. పెరట్లో సాసేజీలు కాలుతున్నాయి, బోర్డు జనం కుర్చీల్లో కూర్చున్నారు. బొమ్మలో ఒక చోట వేలు పెట్టి, ఈ కెపాసిటర్ ఇంత పెద్దది ఎందుకని అడిగాడు కాలిన్. అదే చెవులు మూసుకునే వేళను పట్టి ఉంచేది. ట్రెవర్ శబ్దం తగ్గడానికని ఏదో నసిగాడు. రాయప్ప లేచి, కుక్కర్ చీదడం గురించి పొల్లు పోకుండా అప్పగించాడు. జనం నవ్వుతూ తలలూపారు. పిల్లను ఎత్తుకుని వెనక నిలబడ్డ మరియరాణి, తన విద్యార్థి పాసైనందుకు సంతోషించాలో ఏడవాలో తెలియక చూస్తూ ఉండిపోయింది.

కాలిన్ అక్కడితో వదల్లేదు. "సరే రే. కుక్కర్లో నీళ్లు ఎక్కువైతే కూత మారదా? అప్పుడు నీ వడపోత ఏం చేస్తుంది?"

అది పాఠంలో లేదు. రాయప్ప జీవితంలో కుక్కర్ మూత పెట్టిన పాపాన పోలేదు. ట్రెవర్ చేతులు కట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. రాయప్ప వెనక్కి తిరిగి భార్యను చూశాడు. ఆ చూపులో ఉద్యోగం ఊడుతున్న మనిషి భయమంతా ఉంది.

ఆమె ఇంగ్లీషులో చెప్పొచ్చు. నాలుగు మాటలు చాలు. పాలిటెక్నిక్‌లో ఏడేళ్లు ఇంగ్లీషులోనే చెప్పింది. నోటిదాకా వచ్చాయి కూడా.

"నీళ్లెక్కువైతే వెయిట్ పక్కనించి చిమ్ముతయ్యి. కూత బొంగురుపోద్ది. అది పట్టుకోడానికే చివర నాబ్ పెట్టా. తిప్పి సరిచేసుకోవాలని చెప్పండి" అంది తెలుగులో, పిల్ల మూతి తుడుస్తూ.

రాయప్ప దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. "పెట్టా" అన్న చోట "ఐ" అన్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. ట్రెవర్ భుజాలెగరేసి, సరేలే నీదే, అని బీరు కోసం వెళ్లిపోయాడు. కాలిన్ రాయప్ప చెయ్యి పట్టి ఊపుతూ, "మీ ఆవిడ ఏమంటోంది?" అని అడిగాడు.

"అన్నం ఎప్పుడు పెడతారంటోంది" అన్నాడు రాయప్ప. అందరూ నవ్వారు.

దొంగతనానికి రానంత బాధ ఆ మాటకు వచ్చింది మరియరాణికి. ఆ అబద్ధం అవసరం లేదు. బతకడానికి కావలసిన అబద్ధం అప్పటికే చెప్పేశారు. ఇది ఊరికే, అలవాటుగా వచ్చింది. కాలిన్ పరుగున వెళ్లి ఆమెకొక ప్లేటు తెచ్చి ఇచ్చాడు. ఆమె థాంక్యూ అంది.

కారులో రాయప్ప పొంగిపోతున్నాడు. "రాణీ, మనకు ఉద్యోగం వచ్చింది! పై సోమవారం నుంచి రమ్మన్నాడు."

"ఎవరికండీ?"

"మనకే. పగలు నేను పోతా. సాయంత్రం వచ్చి అడుగుతా, నువ్వు చెప్పు. నువ్వు లేకపోతే నేనెట్లా చేస్తానే?" అన్నాడు. నిజంగానే అన్నాడు, ప్రేమగానే అన్నాడు. అందుకే ఆమెకు తిరిగి ఒక్క మాట అనడానికి వీల్లేకపోయింది.

మర్నాడు మధ్యాహ్నం పిల్ల పడుకున్నాక బోర్డు తెరిచింది. ట్రెవర్ బొమ్మ తీసేశారు. కుక్కర్ పెట్టె బొమ్మ అందరికంటే పైన పెట్టారు, రూపకర్త పేరుతో సహా. ఈ పేరే వర్క్‌షాపులో తయారయ్యే ప్రతి పెట్టె మీదా అచ్చు వేయిస్తున్నాం, ఒకసారి సరిచూసి చెప్పు రే, అని కాలిన్ రాశాడు.

ఆమె చూసింది. ఇంగ్లీషులో రాయప్పకు రెండు 'పి'లు ఉండాలి, ఒకటే వేశారు. పాఠాలు చెప్పిన మనిషి, తప్పును చూస్తూ ఊరుకోలేదు. నా పేరులో ఒక 'పి' తక్కువైంది, దయచేసి చేర్చండి, అని టైపు చేసి పంపించింది.