జాతికుక్క ముందు పెట్టిన గట్క

"తలుపు బిగించినవా?"

"బిగించిన, నువ్వు పండుకో."

మా నాయనమ్మకూ నాకూ నడుమ నడిచిన ఆఖరి మాటలు ఇవే, రాసుకో మనవరాలా. పోయే ముందు కూడా ఆమెకు దేవుడు గుర్తుకు రాలేదు. అంత అనుమానపు మనిషి.

నా చిన్నప్పుడు, మెదక్‌లో వానలు ముఖం చాటేసిన ఏడాది, ఖిల్లా గుట్ట అవతల తోడేలు ఒక పసిగుడ్డును ఎత్తుకుపోయింది. అమ్మా నాయనమ్మా పొద్దున్నే కరువు పనికి, రోడ్డు మీద మట్టి మోయడానికి పోయేవారు. ఇంట్లో ఊయలలో తమ్ముడు, వాడికి కాపలా నేను. నేనే పిల్లదాన్ని. కుక్క లేకుంటే వీణ్ని దక్కించుకోలేమని అమ్మ పట్టుబట్టింది.

అప్పుడే బదిలీ మీద పోతున్న ఒక ఇంజనీరు బంగళా నుంచి వంటాయన ఒక జాతికుక్కను తోలుకొచ్చాడు. దూడంత ఎత్తు, నిక్కిన చెవులు, నున్నటి ఒళ్లు. దీన్ని చూస్తే తోడేలే పారిపోతుందనుకున్నాను. దాని మెడ పట్టుకుని వదల్లేదు. గొల్లాయన ఇస్తానన్న బక్క ఊరకుక్క నా కంటికి ఆనలేదు.

నాయనమ్మ దాని చుట్టూ తిరిగి చూసింది. "గింత మంచిదాన్ని ఊకెనే ఎందుకిస్తున్నవయ్యా?"

"నీకు అన్నిటి మీద అనుమానమేనా అవ్వా!" అని నవ్వి వంటాయన వెళ్లిపోయాడు.

మర్నాడు ఆమె పనికి పోలేదు. మేం తినే, జొన్నరవ్వతో వండిన గట్కే గిన్నెలో పోసి దాని ముందు పెట్టింది. అది వాసన చూసి ముఖం తిప్పుకుంది. మధ్యాహ్నం కూడా అదే గట్క, అదే తిప్పుడు. "మాంసం మరిగిన మూతి" అని గొణుక్కుంది. పొద్దు వాలుతుండగా నన్ను వాకిలి ఊడవమని పంపింది.

తిరిగొచ్చేసరికి కుక్క ఊయల పక్కన కూర్చుని ఉంది. కాపలా కాస్తోందని మురిసిపోయాను. అంతలోనే అది ఊయలలోకి మూతి పెట్టి గుడ్డ లాగింది. ఉరికి పట్టుకోబోతే పళ్లు చూపించి గుర్రుమంది. నా అరుపుకు వాడకట్టంతా వచ్చింది.

నాయనమ్మ తలుపు వెనక నుంచి కట్టె పట్టుకుని వచ్చి దాన్ని అదిలించింది. ఊయలలోంచి కింద పడింది తమ్ముడు కాదు, మేకపాలలో తడిపిన పాత గుడ్డల మూట. తమ్ముడు పక్కింటి అక్క ఒడిలో హాయిగా నిద్రపోతున్నాడు. నేను ఏడుస్తుంటే నాయనమ్మ ఊరడించలేదు.

"కడుపు నిండిన్నాడు అన్నీ మంచి కుక్కలే, పోరీ. మనకే కూడు లేనినాడు ఇది ఎవని దిక్కు చూస్తది? గా సంగతి చూసి తెచ్చుకోవాలె."

ఆ బక్క కుక్కే మా ఇంటికొచ్చింది. మేం గట్క తింటే గట్క తిన్నది, గంజి తాగితే గంజి తాగింది. ఒక మిట్టమధ్యాహ్నం తోడేలు మా దడి దాటి వస్తే, గుమ్మంలో అడ్డం నిలబడి, చెవి చీలినా కదలకుండా, మనుషులు వచ్చేదాకా మొరిగింది. తమ్ముడు దక్కాడు.

మా ఆయన పోయాక నా ఇంటికి చాలామంది తీపి మాటలు పట్టుకుని వచ్చారు. ఎవరినీ వెళ్లగొట్టలేదు, ఎవరినీ వెంటనే నమ్మలేదు. నా చేతిలో ఏమీ లేని రోజున వాళ్ల చూపు ఎటు పోతుందో కనిపెట్టాను. ఇన్నేళ్లూ నన్ను కాచింది అదే.

చెయ్యి నొచ్చిందా బిడ్డా? ఏదీ, రాసిందంతా చదివి వినిపియ్యి. నాకు చదువు రాదని నడుమల ఏమన్న మంచిగ మార్చినవేమో, విని చూస్త.