సెల్లార్‌ల ఐస్‌క్రీమ్‌కు హారతి

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌ల నలభై మంది నిలబడి ఐస్‌క్రీమ్ కేకుకు దండం పెట్టిన్రు. వాళ్ళనేమీ అనొద్దు, తప్పంత నాదే. చాయ్ తాగుకుంట వినండి, మొదట్నుంచి చెప్తా.

మేముండేది ఎల్బీనగర్‌ల, చింతలకుంట దిక్కు. నేను దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక కోచింగ్ సెంటర్‌ల లెక్కలు చెప్తా. మా పై ఫ్లాట్‌ల వెంకట్రావు గారు, అన్నపూర్ణ గారు ఉంటరు. కాకినాడోళ్ళు. మాది నల్లగొండ దిక్కు పల్లెటూరే అయినా, వాళ్ళను బాబాయ్ గారు, పిన్ని గారు అనే పిలుస్త. పిన్ని గారి పులిహోర ఒక్కసారి తింటే మీరు గూడ గట్లనే పిలుస్తరు.

బాబాయ్ గారు ఇరవై ఏండ్లకు పైన పెద్ద పెద్ద ప్యాసింజర్ ఓడల్ల పనిచేసిండు. వంటింట్ల, స్వీట్ల సెక్షన్‌ల. ఆయన కాడ కూసుంటే ఇగ ఓడ ముచ్చట్లే. క్రిస్మస్‌కు వారం ముందు నుంచే నానవెట్టే ఎండు ద్రాక్షలు, కొత్త సంవత్సరానికి మనిషంత ఎత్తు చక్కెర బొమ్మ, ఓడ ఊగితే ఆ బొమ్మను ఇద్దరు పట్టుకొని నిలబడుడు. అన్నిట్ల ఆయనకు పాణమంటే బేక్డ్ అలాస్కా.

"కింద కేకు, దాని మీద ఐస్‌క్రీమ్ దిమ్మ, పైనంతా గిలక్కొట్టిన తెల్లసొన అమ్మాయ్. కొండలా కప్పెయ్యాలి. అలాగే వేడి ఓవెన్‌లో పెట్టాలి. పైన ఎర్రగా కాలుతుంది, లోపల ఐస్‌క్రీమ్ కరగదు."

"ఎందుకు కరగదు బాబాయ్ గారు?"

"నువ్వు లెక్కల టీచరువి, నువ్వే చెప్పాలి."

ప్రయాణం ఆఖరి డిన్నర్‌ల హాలు లైట్లన్ని బంద్ చేస్తరట. కొండ మీద సగం గుడ్డు పెంకు పెట్టి, అందుల రమ్ము పోసి అంటిస్తరట. వెయిటర్లు వరుసగ ఆ మండే కొండలు ఎత్తుకొని వస్తుంటే బ్యాండు మోగుతదట, ప్యాసింజర్లందరు లేచి నాప్‌కిన్లు గిరగిర తిప్పుతరట.

"మీరు గూడ ఎత్తుకొని పోయేటోళ్ళా?" అని అడిగిన ఒకసారి.

ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. పిన్ని గారే చెప్పింది. "వంటవాళ్ళని హాల్లోకి రానిచ్చేవారు కాదమ్మా. వంటింటి తలుపుకి గుండ్రటి అద్దం ఉండేదట. అందులోంచి చూసేవారు. అదీ చీకట్లో ఏం కనపడుతుంది, చప్పట్లు వినపడేవంతే."

ఆదివారం ఆయనకు డెబ్బై ఐదు నిండుతయి. "బాబాయ్ గారు, మన సెల్లార్‌ల చేద్దాం. మీరే ఎత్తుకొని రావాలె" అన్న. ఆయన అప్పటికప్పుడు లేచి బీరువల నుంచి పాత తెల్లకోటు, పొడుగు టోపీ తీసిండు. టోపీకి గంజి పెట్టుమని పిన్ని గారికి ఇచ్చిండు. వెనక్కి తగ్గే దారి అప్పుడే మూసుకపోయింది.

కేకు, ఐస్‌క్రీమ్, గుడ్లు అన్ని దొరికినయి. రమ్ము ఒక్కటి మిగిలింది. మా ఆయన డ్యూటీ మీద సూర్యాపేట పోయిండు. "చిన్న సీసా చాలమ్మా" అన్నడు బాబాయ్ గారు. సరే, నాకేం భయమని ఆదివారం పొద్దున వైన్ షాపు కాడికి పోయిన. మూతికి చున్నీ కట్టుకున్న. అయినా లైన్‌ల ముందున్నాయన వెనక్కి తిరిగి, "నమస్తే మేడమ్" అన్నడు. మా క్లాసుల చదివే పిల్ల తండ్రి.

ఆయన మంచి మనిషి. మంచోళ్ళతోనే పరేషాన్. "అన్నా, మా బిడ్డ వాళ్ళ మేడమ్, జర సైడియ్యిన్రి" అని లైన్ మొత్తాన్ని పక్కకు జరిపిండు. పదిహేను మంది నాకు తొవ్వ ఇచ్చిన్రు. ఇద్దరు నమస్తే గూడ పెట్టిన్రు.

"లే లే, నేను అడ్రస్ అడుగుదామని వచ్చిన" అన్న.

"ఏ అడ్రస్ మేడమ్?"

నోటికి ఏదొస్తే అది చెప్పిన. "పూజా స్టోర్."

"గింతేనా, నేను చూపెడ్త రాండ్రి" అని లైన్ విడిచిపెట్టి నాతోటి వచ్చిండు. రెండు గల్లీలు తిప్పి పూజా స్టోర్ ముందర నిలబెట్టిండు. నేను లోపలికి పోయేదాక ఆడనే నిలబడ్డడు. ఏదో ఒకటి కొనకుంట ఎట్ల? హారతి కర్పూరం డబ్బా కొన్న.

ఇంటికి వచ్చినంక ఆ డబ్బా చూస్తుంటే నా లెక్కల బుర్రకు ఒక ఆలోచన తట్టింది. మంటకు మంట. రమ్ము అయితేంది, కర్పూరమైతేంది? గుడ్డు పెంకు గూడ అక్కర్లే. మా ఫస్ట్ ఫ్లోర్ మూర్తి గారు ఉల్లిపాయ గూడ తినడు, పైన పెంకు చూస్తే బాధపడ్తడు. ఒక మట్టి ప్రమిద పెడితే సక్కగ సరిపోతది. బాబాయ్ గారికి చూపు సరిగ లేదు, చీకట్ల ఏం తెలుస్తది అనుకున్న. పెంకులు తీసి చెత్తబుట్టల వేసిన. నా తెలివికి నేనే మురిసిపోయిన.

ఇంకో తెలివి గూడ చేసిన. అపార్ట్‌మెంట్ గ్రూపుల మెసేజ్ పెట్టిన. "సాయంత్రం ఏడు గంటలకు సెల్లార్‌లో వెంకట్రావు గారి కార్యక్రమం. లైట్లు తీసేశాక జ్యోతితో వస్తారు. అందరూ లేచి నిలబడగలరు." కేకు అని గాని, పుట్టినరోజు అని గాని ఒక్క మాట రాయలే. సర్‌ప్రైజ్ అనుకున్న.

ఏడు గంటలకు దిగిన్రు జనం. పట్టుచీరలతోటి. ఎందుకో ఈ పట్టుచీరలు అని నాకు డౌట్ రానే రాలే.

లిఫ్ట్ కాడ ప్రమిదల కర్పూరం అంటించిన. బాబాయ్ గారు ముక్కు ఎగబీల్చి, "రమ్ము వాసన ఇలా ఉండేది కాదే" అన్నడు.

"కొత్త కంపెనీ బాబాయ్ గారు."

వాచ్‌మన్ లైట్లు తీసేసిండు. నేను ఫోన్‌ల బ్యాండు పాట పెట్టిన, అది స్పీకర్‌కు కనెక్టే కాలే. ఆ చీకట్ల, ఆ నిశ్శబ్దంల, తెల్లకోటు వేసుకున్న పెద్దమనిషి, తల మీద మూరెడు టోపీ, చేతుల్ల తెల్లటి కొండ, కొండ మీద మండే కర్పూరం. ఒక్క క్షణం నాకే చేతులు జోడియ్యాలనిపించింది.

గ్రౌండ్ ఫ్లోర్‌ల లచ్చమ్మవ్వ ఉంటది, మా దిక్కు మనిషే, ఎనభై దాటినయి. ముందుగాల ఆమె గొంతు లేచింది. "అయ్యో నా తల్లే, కైలాసం లెక్కున్నది. నెత్తిమీద కిరీటం జూడు."

అంతే. మూర్తి గారు కండ్లు మూసుకొని మంగళహారతి పాట ఎత్తుకున్నడు. వెనక నుంచి ఎవరో స్టీలు పళ్ళెం గంటలెక్క కొడ్తున్నరు. ఆడోళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి మంట మీద చేతులు పెట్టి కండ్లకద్దుకున్నరు. ఒకామె ఇంట్ల నుంచి అక్షింతలు గూడ తెచ్చుకున్నది. కొండ మీద చల్లింది.

బాబాయ్ గారు ఆగిండు. నా దిక్కు వంగి, "అమ్మాయ్, వీళ్ళు దణ్ణాలు పెడుతున్నారేంటి?" అన్నడు.

ఆయన మొఖం చూస్తే నిజం చెప్పబుద్ధి కాలే. "మీ ఓడల నాప్‌కిన్లు తిప్పేటోళ్ళు గదా బాబాయ్ గారు, మా కాడ ఇష్టమైనోళ్ళకు గిట్లనే చేస్తరు."

ఆయన నడుము సక్కగ చేసుకొని, ఒక్కొక్క మనిషి ముందర ఆగుకుంట, మెల్లగ సెల్లార్ మొత్తం తిరిగిండు. కార్ల మధ్యల నుంచి, బైకుల మధ్యల నుంచి.

ప్రమిద మాత్రం వేడెక్కింది. గుడ్డు పెంకైతే తేలికగ ఉండేదేమో, గిది మట్టి. మెల్లగ తెల్లసొనల దిగబడి, ఐస్‌క్రీమ్ తగిలేసరికి సుయ్యిమని ఆరిపోయింది. కటిక చీకటి. పాట ఆగింది.

"దీపం కొండెక్కిందిరా" అన్నది అవ్వ.

ఎక్కలే. కొండ లోపలికే దిగింది. కని అప్పుడు గా సంగతి చెప్పే ధైర్యం నాకు లేదు.

లైట్లు వేసిన్రు. కొండ ఒక దిక్కు ఒరిగి, నడుమ గుంత పడి, పళ్ళెం నిండ తెల్లటి నీళ్ళు కారుతున్నయి. బాబాయ్ గారి మొఖం వాడిపోయింది. కోసి ముక్కలు పెట్టుడు ఎట్లనో అని చూస్తున్నడు. లచ్చమ్మవ్వ వచ్చి ఎడమ చేతి మీద కుడి చెయ్యి పెట్టి చాపింది.

"తీర్థం పోయి నాయినా."

ఆయన నన్ను చూసిండు. నేను గంటె ఇచ్చిన. ఆయన మూడుసార్లు పోసిండు. అవ్వ తాగి, చెయ్యి నెత్తికి రాసుకున్నది. ఆమె వెనక లైన్ కట్టింది అపార్ట్‌మెంట్. బాబాయ్ గారు ప్రతి మనిషికి పోసి, "వెనిల్లా సరిపోయిందాండీ?" అని అడుగుతున్నడు. తీర్థం ఇచ్చేటాయన గట్ల అడుగుడు వాళ్ళెన్నడు వినలే, అయినా తలూపుతున్నరు.

లైన్‌ల నాలుగో మనిషి మూర్తి గారు. ఉరికి పోయి మధ్యల నిలబడ్డ.

"మూర్తి గారూ, మీకు షుగర్ కదా."

"నాకు షుగర్ లేదమ్మా."

"ఉండొచ్చు. చూపించుకున్నరా?"

"ప్రసాదానికి షుగరేంటమ్మా, పక్కకి జరుగు" అని చెయ్యి చాపిండు. గంటె వచ్చింది. ఆ చెయ్యి మీద నా చెయ్యి అడ్డం పెట్టి నేను తాగిన. మళ్ళీ చాపిండు. మళ్ళీ తాగిన. మూడోసారి ఆయన నన్ను వింతగ చూసిండు. ఇగ తప్పక చెవుల చెప్పిన. "గుడ్డు ఉన్నది సార్. ఇది కేకు. బాబాయ్ గారి పుట్టినరోజు."

మూర్తి గారు చాపిన చెయ్యి మెల్లగ జేబుల పెట్టుకున్నడు. "కేకు అని ముందే చెప్పొచ్చుగా. పన్నెండు చరణాలు పాడాను" అన్నడు. వేరే వాళ్ళకు గుడ్డు ఉన్నదని చెప్పుమని నన్నే పంపిండు. చెప్పిన. తినేటోళ్ళే అందరు, ఎవరు లైన్ నుంచి కదలలే.

అంత అయినంక, పళ్ళెం అడుగున ప్రమిద దొరికింది బాబాయ్ గారికి. కోటు అంచుతోటి తుడిచి చూసిండు. నేను తల వంచుకున్న.

"ఇదే నయంలే అమ్మాయ్" అన్నడు. "రమ్ము మంట నీలంగా ఉంటుంది. మనిషి మొహం ఆనదు. ఇవాళ అందరి మొహాలూ కనపడ్డాయి నాకు."

ఆయన గట్ల అన్నడు గని, నా మనసు ఊకోలే. మూర్తి గారి ఫ్లాట్‌కు పోయి తప్పయిందన్న. ఆయనకు కోపం పోయింది గని, "గుడ్డు మీద హారతి పట్టించావు కాబట్టి, ఒక మండలం గుడ్డు మానెయ్, నీకే తృప్తిగా ఉంటుంది" అన్నడు. నలభై రోజులు. ఒప్పుకున్న.

నిన్న లచ్చమ్మవ్వ మా ఇంటికి వచ్చింది. "బిడ్డా, మళ్ళెప్పుడు పోస్తరే ఆ తీర్థం?" అని. పాపం, లైన్‌ల మొదట తాగింది ఈమె, నేను చెప్పకముందే. దగ్గర కూసోవెట్టుకొని నిజం చెప్పిన. "అవ్వా, అది కేకు. అందుల గుడ్డు ఉన్నది."

అవ్వ నన్ను జాలిగ చూసింది.

"అల్మాస్‌గూడల ముప్పై ఏండ్లు కోళ్ళఫారం నడిపిన నేను. గుడ్డు వాసన నాకు తెల్వదా?"

"మరి తీర్థం అన్నవేందవ్వా?"

"కేకంటే ముసల్దానికి షుగరని ఒక్క ముక్క గూడ పెట్టరు. తీర్థమంటే మూడుసార్లు పోసిన్రు" అన్నది. అని, మా వంటింట్ల మా ఆయన వేసుకున్న ఆమ్లెట్‌ల సగం తుంచుకొని తినుకుంట పోయింది.

నాకింక ముప్పై నాలుగు రోజులున్నయి.