మూడుసార్లు పిలిచారు

అడ్మినిస్ట్రేటివ్ లా పాఠం సహజ న్యాయం దగ్గరికి వచ్చేసరికి నేను పుస్తకం మూసేస్తాను. ఆ అధ్యాయం నాకు కంఠస్థం. సిద్దిపేటలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి నంగునూరు నుంచీ దౌల్తాబాద్ నుంచీ పిల్లలు బస్సుల్లో వస్తారు. న్యాయం చెప్పేది నల్లకోట్లున్న చోటే అని వాళ్ల నమ్మకం. తహసీల్దారు కూడా ఒక సంతకంతో మనిషి హక్కును తేల్చగలడని మొదట చెబుతాను. ఆయన జడ్జి కాకపోయినా రెండు నియమాలు దాటకూడదు. తన తగవుకు తానే తీర్పరి కాకూడదు. ఎదుటివాడి మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వకూడదు.

మొన్న ఒక అమ్మాయి లేచి అడిగింది. "సార్, నోటీసు ఇచ్చిన్రు, పేరు పెట్టి పిలిచిన్రు. ఆయన ఆడ్నే నిలవడ్డడు గని పలకలే. అప్పుడు ఆయన మాట విన్నట్టా, విననట్టా?"

పరీక్షలో వస్తుందేమోనని అడిగింది, అంతే. చట్టం ఇవ్వమనేది అవకాశాన్నే, దాన్ని వాడుకోని మనిషి తర్వాత ఫిర్యాదు చేయలేడు, ఉత్తర్వు చెల్లుతుంది అని చెప్పాను. అందరూ రాసుకున్నారు. క్లాసులో ఎప్పుడూ కూర్చోని నేను ఆ రోజు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అలా పలకని మనిషి మా బాపు.

కొండపాక వైపు మా ఊరికి మా తాత మాలీ పటేలు. శిస్తు వసూలు ఆయన చేతుల మీదుగా జరిగేది. అధికారులు ఊరికి వస్తే మా ఇంట్లోనే దిగేవారు, తగవులు మా దర్వాజ ముందే తెగేవి. ఊరి సుంకరి మా అరుగు మీద నిలబడి ఒక్కొక్కరినీ కేకేసి పిలిచేవాడు. పిలవడమే తప్ప పిలిపించుకోవడం ఎరగని ఇల్లు మాది. పటేలగిరీ పోయింది, భూములూ పోయాయి. అవి ఎట్లా పోయాయో ఇక్కడ రాయను. నేను చదువుకునే నాటికి మిగిలింది రెండున్నర ఎకరాల చెలక. దాని గట్టు మీదే మా అమ్మ సమాధి ఉంది.

ఆ చెలకను తాత కాలం నుంచీ ఒకే రైతు కుటుంబం దున్నేది. ఆ ఇంటి కొడుకు ఏళ్ల తరబడి భీవండిలో మగ్గాల మీద పనిచేసి తిరిగొచ్చాడు. వస్తూనే, మా తాత తన తాతకు ఆ భూమిని తెల్లకాగితం మీద అమ్మాడని, రిజిస్ట్రేషన్ కాని ఆ సాదా బైనామా కింద భూమికి తన పేరు ఎక్కించమని దరఖాస్తు పెట్టుకున్నాడు. తహసీల్దారు కచేరి నుంచి నోటీసు వచ్చింది. బాపు సంతకం పెట్టి తీసుకున్నాడు. నేను అప్పుడే లా పాసయ్యాను. శిస్తు కట్టిన రసీదులన్నీ వరుసగా పేర్చి గుడ్డలో కట్టి ఆయన చేతిలో పెట్టాను. హాజరై ఇవి చూపిస్తే చాలు, మిగతాది చట్టం చూసుకుంటుంది అన్నాను.

ఆ రోజు బాపు ఇస్త్రీ చేసిన ధోతి కట్టుకున్నాడు. వరండాలో బెంచీ మీద కొంచెం చోటుంది గానీ జరగమని అడగడం ఇష్టం లేక నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. అటెండర్ తలుపు దగ్గరికి వచ్చి కాగితం చూసి పిలిచాడు. ముందు ఇంటిపేరు లేదు, వెనక పటేలూ లేదు, గారూ లేదు. ఒట్టి పేరు. "హాజరున్నడా?"

బాపు రోడ్డు వైపు చూస్తున్నాడు. రెండోసారి పిలిచాక, మాకు ఎదుటి పక్షమైన ఆ భీవండి మనిషే దగ్గరికి వచ్చాడు.

"మిమ్ముల్నే పిలుస్తున్నరు పటేలా. లోపలికి పోండ్రి."

"గా పేరుగల్ల మనిషి నాకు తెల్వదు," అన్నాడు బాపు.

తలుపు నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. ఉన్నాడని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. భయపడి కాదు. బాపు చేసిందే సరైనదని ఆ క్షణంలో నాకు అనిపించింది, నా మెడ కూడా ఆయన మెడలాగే నిలబడింది. మూడోసారి పిలిచి అటెండర్ లోపలికి వెళ్లిపోయాడు. ఆ మనిషి ఇంకొంచెంసేపు మా వైపే చూసి, చెప్పులు బయట విడిచి లోపలికి నడిచాడు.

ఉత్తర్వు పోస్టులో వచ్చింది. నోటీసు అందింది, మూడుసార్లు పిలిచినా గైర్హాజరు అని రాశారు. తప్పులు వెతకడమే కదా నేను నేర్చుకున్న విద్య, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెతికాను. అధికారం ఉంది, గడువు ఇచ్చారు, కారణాలు రాశారు. ఒక్క తప్పూ దొరకలేదు.

అప్పీలుకు వెళ్లాలంటే ఆ రోజు ఎందుకు హాజరు కాలేదో చెప్పాలి. నాకు తెలిసిన ఒక పెద్ద వకీలు జ్వరమని రాయమన్నాడు. రాసి తెచ్చాను. బాపు కళ్లద్దాలు పెట్టుకుని చదివి కాగితం తిరిగిచ్చాడు.

"నాకు జరం రాలే."

"మరేం రాయాలె బాపూ?"

"అయింది రాయి."

జరిగింది రాస్తే ఏ అధికారీ దాన్ని సరైన కారణం అనడు. రాయకుండానే గడువు దాటింది.

చెలక వాళ్ల పేరు మీద ఎక్కిన తర్వాత ఒక మధ్యాహ్నం, అన్నం తిని చేయి కడుక్కుని వచ్చి ఆయన అడిగాడు. "లోపలికి పోయుంటే గా సారు ఏమడుగుతుండె?"

భూమి వాళ్ల చేతికి ఎట్లా వచ్చిందని అడిగేవాడని చెప్పాను. బాపు గోడకు ఆనుకోకుండా నిటారుగా కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. వానలు పడని ఒక ఏడాది వాళ్ల ఎద్దు చచ్చిపోయిందట. సొసైటీలో విత్తనాలు అడిగితే భూమి ఉన్నట్టు ఏదైనా చూపించమన్నారట. ఆ భీవండి మనిషి తాత వచ్చి అరుగు కింద నిలబడితే, మా తాత తెల్లకాగితం మీద చెలక నీదేనని రాసిచ్చాడట. విత్తనాల కోసం రాసిచ్చిందే గానీ అమ్మకం కాదు. సిరా దవాత్ పట్టుకుని పక్కన నిలబడింది బాపే, అప్పటికి ఆయనకు పదేళ్లు. ఎవరు ఎక్కడ కూర్చున్నారో, తాత ఏ మాట దగ్గర ఆగి ఆలోచించాడో, అన్నీ చెప్పాడు. కళ్లారా చూసిన సాక్ష్యం అది. ఈ మాట లోపల పడి ఉంటే ఆ ఉత్తర్వు అంత తేలిగ్గా రాసేవారు కాదు.

"నాకెందుకు చెప్పలే బాపూ?"

"నువ్వెన్నడు అడిగినవ్?"

నిజమే. రసీదులు అడిగాను, నోటీసు తేదీ అడిగాను, సంతకం పెట్టమన్నాను. అసలేం జరిగిందని ఆయనను ఒక్కసారీ అడగలేదు.

"గిప్పుడు చెప్తే వింటరా?" అన్నాడు.

వినరని చెప్పాను. ఆయన తల ఊపాడు. నేను ఇంకేదైనా అడుగుతానేమోనని కాసేపు నా ముఖం వైపే చూస్తూ కూర్చున్నాడు.