పొగ రాని ధూపం కోసం ఖైతాన్ నుంచి అమ్ఘరా దాకా

కువైట్‌లోని ఖైతాన్‌లో మా గదికి ముగ్గురం. వీర్రాజు గారిది అమలాపురం దగ్గర పల్లె. క్యాటరింగ్ కంపెనీలో వంటమేస్త్రీ, మాలో పెద్ద. రత్నం బాపట్ల వైపు క్రైస్తవుడు. ఆసుపత్రిలో వార్డు పని. నేను గోదాములో స్టోర్‌కీపర్ని. వీర్రాజు గారు రోజూ సాయంత్రం బొగ్గుల మీద సాంబ్రాణి, తులసాకు వేస్తారు. ఎండాకాలం ఏసీ కోసం కిటికీలు మూసే ఉంటాయి గనక ఆ పొగ గదిలోనే తిరుగుతుంది. రత్నానికి ఉబ్బసం. పొగ మొదలవగానే వెళ్లి మెట్ల మీద కూర్చునేవాడు. ఆ గురువారం మెట్ల మీద కూడా ఆయాసం తగ్గలేదు.

"ఒకతను వేరే గది చూపిస్తానన్నాడు బాబాయ్. మీ పూజకి నేనెందుకు అడ్డం?" అన్నాడు.

వీర్రాజు గారు అన్నం ముందు నుంచి లేచిపోయారు. పూజ మానడం ఆయనకు చేతకాదు. రత్నాన్ని పంపడం ఇష్టం లేదు.

నా బడి చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాతదంతా మా ఊరి శాఖా గ్రంథాలయం పెట్టిన భిక్ష. అత్తరు తయారీ గురించి అక్కడ చదివిన ఒక పుస్తకంలో, ఆకు అంటుకోవడానికి చాలా ముందే దానిలోని సువాసన తైలం ఆవిరై లేస్తుందని ఉంది. అంటే కాల్చకుండా వేడిచేస్తే వాసన వస్తుంది, పొగ రాదు. ఇందుకోసం బల్ల మీద పెట్టుకునే యంత్రాలున్నాయి. ఎండు మూలికల వేపరైజర్లంటారు. వాటిని పోల్చి చూద్దామని శుక్రవారం ముగ్గురం బయలుదేరాం. వీర్రాజు గారి ముక్కు, రత్నం ఛాతీ రెండూ ఒప్పుకోవాలన్నది షరతు.

వెళ్లదలచినవారికి ఒక హెచ్చరిక. ఈ దేశంలో పొడిచేసిన ఎండాకు కవర్లో పోసుకుని తిరగడం తెలివైన పని కాదు, పోలీసులకి గంజాయిలా కనబడుతుంది. వీర్రాజు గారు అలాగే కట్టిన తులసి పొట్లాన్ని గదిలో పెట్టించి, బకాలాలో, అంటే కిరాణా కొట్లో, సీలు వేసిన ఎండు పుదీనా ప్యాకెట్ కొన్నాం. సాంబ్రాణి డబ్బా మాత్రం ఆయన వదల్లేదు.

మొదటి యంత్రం మా వీధి దుకాణంలోనే చూశాం. అరబ్బులు తమ ధూపం, బుఖూర్, వేసుకునే కరెంటు పళ్లెం. వేడి తగ్గించే వీలు లేదు. పుదీనా నల్లబడి పొగ చిమ్మింది. రత్నం తలుపు దగ్గరే నిలబడి చేత్తో వద్దని సైగ చేశాడు.

ఎనిమిదిన్నరకి అహ్మది వైపు బస్సెక్కాం. టికెట్టు డ్రైవరే ఇస్తాడు. సెలవు పొద్దున గనక సీట్లన్నీ ఖాళీ. అహ్మదిలో నాకు తెలిసిన మస్తాన్ ఉన్నాడు. కడప మనిషి, చమురు కాంట్రాక్టులో టెక్నీషియన్. ఇఖామా, అంటే నివాస అనుమతి, అయిపోయి దేశం వదిలి వెళ్తూ ఒక ఇంజనీరు ఇచ్చిపోయిన వేపరైజర్ అతని దగ్గరుంది. రైస్ కుక్కర్ అంత ఉంటుంది. లోపలి ఫ్యాను వేడిగాలిని ఆకుల గుండా పైకి తోస్తుంది. పుదీనా వేస్తే గదంతా వాసన. పొగ జాడ లేదు. రత్నం హాయిగా కూర్చున్నాడు.

"ఆయ్, పచ్చడి వాసనొత్తందండి. సాంబ్రాణేదీ?" అన్నారు వీర్రాజు గారు.

మస్తాన్ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లగానే ఆయన డబ్బా తీసి ఆకుల మీద చిటికెడు సాంబ్రాణి వేశారు. నేను వారించలేదు, పుస్తకంలో ఆకు సంగతే ఉంది, బంక సంగతి లేదు. సాంబ్రాణి కరిగి సన్న జాలీలోకి దిగి గట్టిపడింది. గాలి ఆగి ఫ్యాను మూలిగింది.

"పెద్దాయనా, దాన్లో ఏంటికేసినావు?" మస్తాన్ టీ గ్లాసులతో గుమ్మంలోనే ఆగిపోయాడు. "అది ఆకు మిషను. బంకకి గిన్నె ఉండల్ల!"

"దేవుడికి ఒట్టి పుదీనా ఎయ్యమంటావేటి?" అన్నారాయన, గొంతు తగ్గించి.

స్పిరిట్‌తో జాలీ కడిగి ఇచ్చేసరికి జుమ్మా నమాజు వేళయింది. దుకాణాలు మళ్లీ తెరిచేదాకా మలయాళీ హోటల్లో చేపలకూరతో భోజనం చేశాం. అమ్ఘరా స్క్రాపు యార్డుల్లో పాత ప్రయోగశాలల సామాను దొరుకుతుందని మస్తాన్ చెప్పాడు. అహ్మది నుంచి అక్కడికి నేరుగా బస్సు లేదు. షేరు కారు పట్టుకున్నాం.

మూడు దాటాక అమ్ఘరా చేరాం. ఇనుము మీద చెయ్యి పెట్టనిచ్చే వేడి కాదు. ఒక బెంగాలీ దుకాణంలో కావలసింది కనిపించింది, ప్రయోగశాల హాట్‌ప్లేటు: పైన పింగాణీ పలక, ముందు వేడి పెంచే నాబ్. "మిషన్ పక్కా, చాచా. నాబ్ థోడా ఢీలా" అని దుకాణదారు వదులైన నాబ్ ఊడదీసి, మళ్లీ పెట్టి చూపించాడు.

రత్నం చేతిలో ఇన్‌హేలర్ పట్టుకుని నిలబడ్డాడు. చిన్న గిన్నెలో సాంబ్రాణి, పైన పుదీనా వేసి నాబ్‌ని మొదటి గీత దగ్గర ఆపాం. కాసేపటికి సాంబ్రాణి మెత్తబడి వాసన లేచింది. వీర్రాజు గారు కళ్లు మూసుకున్నారు. రత్నం దగ్గలేదు. గెలిచామనుకున్నాను. అంతలో ఆయన చెయ్యి నాబ్ మీదికి వెళ్లింది. సన్నటి పొగ తీగ లేచింది. రత్నం దగ్గుతూ దూరంగా నడిచాడు.

నాబ్ వెనక్కి తిప్పి ఆయన నావైపు తిరిగారు. "కంటికి పొగ కనపడకపోతే నా చెయ్యి ఊరుకోదు మేస్టారూ. రేపు గదిలో కూడా ఇంతే."

అయినా కొన్నాం. తిరుగు బస్సులో నేను మనసులో పోలిక ముగించాను: వేడి తగ్గించలేని పళ్లెం దండగ, వట్టి ఆకుకి వేడిగాలి యంత్రమే మేలు, సాంబ్రాణికి నాబ్ ఉన్న పలక కావాలి. ఆ నాబ్ ఎవరి చేతిలో ఉండాలో ఏ పుస్తకంలోనూ చదవలేదు.

బస్సు ఖైతాన్ మలుపు తిరుగుతుండగా వీర్రాజు గారు ఒళ్లో ఉన్న యంత్రం నాబ్ ఊడలాగి రత్నం చేతిలో పెట్టారు.

"నీ దగ్గరుంచు. నువ్వొచ్చి తిప్పాకే ధూపం."

"నాకు సాయంత్రం డ్యూటీ పడితే?"

"పొద్దున ఏసుకుందాం. దేవుడికేం, ఇఖామా అయిపోతందేటి?"

రత్నం నవ్వి, నాబ్‌ని ఇన్‌హేలర్ ఉన్న జేబులోనే వేసుకున్నాడు. తర్వాత గది చూపిస్తానన్న మనిషికి ఫోన్ చేశాడు. "ఖలాస్ అన్నా, ఆ గది ఇంకెవరికైనా చెప్పండి" అన్నాడు.