పేరు లేని సుడి

కుంచె రంగులో ముంచే ముందు, రాయబోయే పేరును ఆమె ప్రతిసారీ చూపుడువేలితో ఒట్టి రేకు మీద ఒకసారి రాసి చూసుకునేది. రేవులో అందరికీ ఆమె అక్కే. తలపండినవాళ్లు కూడా అలాగే పిలిచేవాళ్లు. నది పొడవునా నిలబెట్టే హెచ్చరిక బోర్డులన్నీ రేవు వెనక ఆమె ఇరుకు గదిలో, టర్పెంటైన్ వాసన మధ్య తయారయ్యేవి.

వంటామె మలుపు. కవలల రాయి. సున్నం మేస్త్రి సుడి. ఆ నది మీద లాంచీలు నడిపేవాళ్లు పేర్లు ఆలోచించి పెట్టరు. నీళ్లు ఎవరిని తీసుకుంటే ఆ చోటు వాళ్లదవుతుంది.

ఆ ఏడు వానలు వెలిశాక పాత వంతెన కింద కొత్త సుడి పుట్టింది. ఇంకా ఎవరినీ తీసుకోలేదు కాబట్టి పేరు లేదు. రోజూ దాని పక్కనుంచే ఆమె తమ్ముడు లాంచీ నడపాలి.

రేవులో లాంచీలు నడిపేవాళ్లందరికీ పెద్దయిన పెద్ద సరంగు వచ్చి బోర్డు చెయ్యమన్నాడు. ‘సుడి’ అని మాత్రం రాసి, ఆ మాటకి ముందు జాగా వదిలెయ్యమన్నాడు. అందులో ఏం రాయాలని ఆమె అడిగింది. అతను గుమ్మానికి ఆనుకుని నది వైపు చూశాడు.

“తొందరేముంది అక్కా. అదే చెబుతుంది.”

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన తమ్ముడు ఆ ఖాళీ చూసి నవ్వాడు.

“నా పేరు పెట్టెయ్యక్కా. బక్కోడి సుడి. చిన్న పేరు, రంగు కూడా మిగులుతుంది.”

“నోర్ముయ్యి. తినేటప్పుడా ఆ మాటలు?”

“ఎవరిదో ఒకరిది పడాలిగా మరి.”

వంతెన దగ్గరికొచ్చేసరికి ఈమధ్య చుక్కాని తనంతట తానే పక్కకి లాగుతోందని, ఊరికే చెప్పినట్టు చెప్పి, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆమె రేవుకి వెళ్లి, బతికున్న మనిషి పేరు ఏ చోటికైనా పెట్టారా అని వాకబు చేసింది. పెద్ద సరంగుకు ఒక్కటే గుర్తొచ్చింది. గూనివాడి గట్టు. పేరు పెట్టేనాటికి గూనివాడు నిక్షేపంలా ఉన్నాడట.

“తర్వాత అక్కడ ఎవరూ పోలేదా?”

“వాడు తప్ప ఇంకెవరూ పోలేదు.”

ఆమె తల ఊపి ఇంటికి వచ్చింది. తమ్ముడికి వడ్డించింది. బోర్డు ఊసు ఎత్తలేదు.

మర్నాడు తెల్లవారగానే, అతను లేవకముందే, ఖాళీలో ‘అక్క’ అని రాసింది. రంగు ఆరకుండానే రేకు పట్టుకుని పాత వంతెన దాకా నడిచి, స్తంభానికి మేకులు కొట్టింది. తర్వాత మెట్లు దిగి, నీళ్ల అంచున కూర్చుని, చేతుల రంగు కడుక్కుంది.