పది గంటల దాకా గ్రౌండు మాది

మంగళవారం పొద్దున పిన్నిగారు పోయారు. ముందురోజు సాయంత్రం మా తలుపు కొట్టి, "ఆదివారం గాలి ఉంటాదంట అమ్మాయ్, నడుం కాస్త వంచి బంతి తన్ను" అని చెప్పి వెళ్ళిన మనిషి నిద్రలోనే వెళ్ళిపోయారు. పిన్నిగారంటే నాకు చుట్టం కాదు. అమెరికాలో, పార్సిప్పనీ ఊళ్ళో మా ఎదురు అపార్ట్‌మెంట్‌లో కూతురి దగ్గరుండే పెద్దావిడ. తాడేపల్లిగూడెంలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి, రిటైరయ్యాక గ్రీన్‌కార్డు మీద ఇక్కడికి వచ్చారు.

గురువారం అంత్యక్రియలయ్యాయి. ఆ సాయంత్రమే మా కాంప్లెక్స్ తెలుగువాళ్ళ మెయిల్ గ్రూపులో క్రికెట్ ఆడే మగవాళ్ళ సందేశం వచ్చింది. ఆంటీగారి మీద గౌరవంతో ఈ ఆదివారం లేడీస్ ఫుట్‌బాల్ క్యాన్సిల్ చేశారట. ఆ టైములో ఆవిడ జ్ఞాపకార్థం క్రికెట్ మ్యాచ్ పెట్టారట. ఫుట్‌బాల్ మనిషికి క్రికెట్‌తో నివాళి! అది చదివాక నా ఏడుపు ఆగిపోయి ఒళ్ళు మండింది. ఆవిడ ఎవరో తెలియనివాళ్ళే అలా రాస్తారు కాబట్టి, తెలిసినదాన్ని నేను చెబుతున్నాను.

ఆవిడ వచ్చిన మొదటి చలికాలం, సీరియల్స్ చూసుకోమని కూతురు ల్యాప్‌టాప్ ఇస్తే, పిన్నిగారు అందులో ఫారో దీవుల ఫుట్‌బాల్ లీగ్‌ని పట్టుకున్నారు. అట్లాంటిక్ సముద్రం మధ్యలో, స్కాట్లాండ్‌కి పైన ఎక్కడో ఉంటాయి ఆ దీవులు. ఒకరోజు నన్ను పిలిచి కూర్చోబెట్టారు. మాటిమాటికీ ఆగిపోయే వీడియోలో, కొండ పక్కన చిన్న మైదానంలో, వానలో ఎవరో ఆడుతున్నారు.

"ఆ గోల్‌కీపర్ని చూడవే, పొద్దున్నే బళ్ళో పాఠం చెప్పాలంట. ఆ పొడుగాయనది చేపల పడవ మీద పని. వీళ్ళే ఆ దేశం మొత్తానికి ఫస్ట్ డివిజను!"

"ఎంత దేశం పిన్నిగారూ?"

"మా గూడెంలో సగం జనం. అయినా దర్జాగా లీగు పెట్టుకున్నారు. ఎవర్నడిగారు?"

ఆ "ఎవర్నడిగారు" అనేది ఆవిడ ఊతపదం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ స్టాఫ్ ఫొటోలో ఆవిడని చివర నిలబెట్టారట. పరీక్షలు దగ్గరపడితే ముందు డ్రిల్లు పీరియడే లాక్కునేవారట. బడి పంతులు టాప్ లీగ్‌లో ఆడే దేశం ఒకటుందని తెలిశాక ఆవిడ కంటికి ఇక వేరే లీగులు ఆనలేదు. అందులోనూ ఆ ఏడు అన్నిటికంటే కింద ఉన్న జట్టునే ఎంచుకున్నారు. దాని పేరు నోరు తిరగదు కాబట్టి "మన చేపలోళ్ళు" అని పిలిచేవారు. వాళ్ళు గోల్ వేస్తే అరిచే అరుపుకి కింద ఫ్లాట్ అమెరికన్ ఆయన సీలింగ్ మీద కొట్టేవాడు.

నేనప్పుడు బీటెక్ చదివి, హెచ్4 వీసా మీద ఇంట్లో కూర్చున్నాను. మాలాంటి భార్యలకి ఉద్యోగం చేసే పర్మిషన్ అప్పటికింకా లేదు. మా నాలుగు బిల్డింగుల్లో నాలాంటివాళ్ళు బోలెడుమంది, మధ్యాహ్నం నిద్రతో లావెక్కుతూ ఉండేవాళ్ళం. పిన్నిగారు ఒక్కొక్క తలుపూ కొట్టారు. "ఉద్యోగానికి పర్మిషన్ కావాలి గానీ బంతి తన్నడానికెందుకే?" అన్నారు. బిల్డింగుకో జట్టు చొప్పున నాలుగు జట్ల లీగు తయారైంది. మా సి బిల్డింగ్ ఎప్పుడూ ఆఖరే. నేను ముఖం వేలాడేస్తే, "అడుగున ఉన్నా ఫస్ట్ డివిజనే కదే, మనకి రెండోది లేదుగా" అని నవ్వేవారు. ఒకసారి నేను మానేస్తానన్నాను. "ఓడిపోతే పై ఆదివారం ఉంది. మానేస్తే ఏవుంది?" అన్నారు. మానలేదు.

ఇక గ్రౌండు గొడవ. ఆదివారాలు అది మగవాళ్ళ క్రికెట్‌కే రాసిచ్చినట్టు ఉండేది. మా తెలుగువాళ్ళ కమిటీ పెద్దాయన చాలా మర్యాదగా వచ్చి, "పిక్నిక్‌లో లేడీస్‌కి మ్యూజికల్ చైర్స్ అరేంజ్ చేశాం కదండీ" అన్నారు.

"కుర్చీ చుట్టూ తిరగడానికేనా బాబూ నేను ముప్పయ్యేళ్ళు డ్రిల్లు చెప్పింది?" అని, పిన్నిగారు మడత కుర్చీ తెచ్చి సరిగ్గా పిచ్ మధ్యలో వేసుకు కూర్చున్నారు. వాళ్ళు బ్యాట్లు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. చివరికి ఒప్పుకున్నారు, పొద్దున పది దాకా మాది, తర్వాత వాళ్ళది.

ఫారోలో గాలికి పెనాల్టీ బంతి నిలవదట. అప్పుడు జట్టులో ఇంకొకరు గడ్డిలో బోర్లా పడుకుని, వేలితో బంతిని నొక్కి పట్టుకుంటే తన్నుతారట. ఈ పద్ధతి పిన్నిగారికి తెగ నచ్చేసింది. గాలి రోజున ఏ జట్టుకి పెనాల్టీ వచ్చినా ఆవిడే వచ్చి, నేత చీర కుచ్చిళ్ళు దోపుకుని, తడి గడ్డిలో పడుకుని బంతి పట్టుకునేవారు. తన్ను తగులుతుందన్న భయం ఉండేది కాదు. మేమే భయపడి మెల్లగా తన్నేవాళ్ళం.

కూతురికి ఇది తలవంపుగా ఉండేది. ఒకసారి పార్కింగ్ లాట్‌లో నా ముందే అంది: "అమ్మా, మా ఆఫీస్‌వాళ్ళు చాలామంది ఇక్కడే ఉంటారు. చీరలో, ఆ గడ్డిలో... చూస్తే ఏమనుకుంటారు?"

"ఏవనుకుంటారూ? గాలేస్తోందనుకుంటారు" అన్నారు పిన్నిగారు. కూతురు ఒక్క మ్యాచ్‌కి కూడా రాలేదు.

క్రికెట్‌వాళ్ళ మెయిల్‌కి నేను ఒక్క ముక్క జవాబిచ్చాను: "పది దాకా గ్రౌండు మాది." మైలలో ఆటలేమిటని ఇద్దరు పెద్దవాళ్ళు ఫోన్ చేశారు. ఆ మాట నన్నూ పట్టుకుంది. పిన్నిగారి కూతురికి ఫోన్ చేసి, "మీరు వద్దంటే ఆడం" అన్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది. అయినా ఆదివారం నాలుగు బిల్డింగులవాళ్ళూ వచ్చారు.

పిన్నిగారు చెప్పినట్టే గాలి. మగవాళ్ళు తొమ్మిదిన్నరకే కిట్లతో వచ్చి గట్టున నిలబడ్డారు. ఆఖర్లో మా సి బిల్డింగ్‌కి పెనాల్టీ వచ్చింది. నేను బంతి పెట్టాను, దొర్లిపోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ దొర్లింది. "నిలుస్తలేదు అక్కా" అంది మా కరీంనగర్ అమ్మాయి. అందరం అలవాటుగా ఆవిడ కూర్చునే కుర్చీ వైపు చూశాం. ఎవరో దాన్ని కూడా తెచ్చి వేశారు, ఖాళీగా ఉంది. నాకు చేతకాక అక్కడే ఏడ్చేశాను.

అప్పుడు పార్కింగ్ లాట్ వైపు నుంచి పిన్నిగారి కూతురు వచ్చింది. ఎవరి వంకా చూడలేదు. బంతి తెచ్చి పెట్టింది. తడి గడ్డిలో బోర్లా పడుకుని, చూపుడు వేలు బంతి మీద పెట్టి, "ఇలాగేనా?" అని అడిగింది.

"ఇలాగే" అన్నాను.

"టైమ్ అవుతోందండీ!" గట్టు మీంచి ఎవరో కేకేశారు.

ఆమె తలెత్తలేదు. "ఇంకా పది కాలేదు" అంది గట్టిగా, అచ్చం వాళ్ళమ్మ గొంతుతో. జుట్టూ, చొక్కా, గడ్డీ అన్నీ గాలికి కొట్టుకుంటున్నాయి. బంతి మీద వేలు మాత్రం కదల్లేదు.