కుళాయిలో పంచె ముక్క

మా ఉద్దానంలో మనుషులు ఎదురుపడితే బాగున్నావా అని అడగడం మానేసి చాలా కాలమైంది. "క్రియాటిన్ ఎంతున్నాదే?" అంటారు. కిడ్నీలు ఎంత పాడయ్యాయో రక్తపరీక్షలో చెప్పే అంకె అది. మా ఆయనకు అది పెరిగి పెరిగి, వారానికి రెండుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకునేదాకా వచ్చింది. అంతకుముందు అదే జబ్బు వాళ్లమ్మను, అన్నను తీసుకుపోయింది. తన సంగతి ఆయన వదిలేశాడు. భయమంతా నా గురించే, ఈ ఇంట్లో తరువాతి వంతు నాదేమోనని. ఆరు నెలలకోసారి రక్తపరీక్షకు తోలేవాడు. వెళ్లనని పోట్లాడి, వెళ్లేదాన్ని.

ఆ పొద్దున్న పలాస ప్రయాణం. ఎనిమిదింటికి ఆటో. బియ్యం కడుగుదామని వంటింటి కుళాయి తిప్పితే నీళ్లు దారంలా పడ్డాయి. ముందురోజూ అంతే. ఒళ్లు మండి, సోంపేటలో ఉన్న ప్లంబరుకి ఫోన్ చేశాను. నాకు తమ్ముడి వరస.

"నువ్వు బిగించిన కుళాయి మూణ్ణెల్లు కూడా ఆగలేదేట్రా?"

"ఓలప్పా, ఒట్టినే తిడతావేటి? బాత్రూములో ఎలా పడతన్నాయో సూడు ముందు."

"అక్కడ దబదబా పడతన్నాయి."

"అయితే ట్యాంకు బాగున్నట్టే. సింకు కింద వాల్వు?"

"పూర్తిగా తిప్పీసే ఉన్నాది. నాకు తెల్దనుకున్నావేటి?"

"మరైతే కుళాయి మూతే. అక్కడో జాలీ ఉంటాది, మట్టి పట్టీసుంటాది. ఇప్పి కడుక్కో. నోటితో కాదప్పా, సేత్తో."

మసిగుడ్డ చుట్టి తిప్పితే మూతి ఊడొచ్చింది. జాలీ మీద మట్టి లేదు. నాలుగు మడతలు పెట్టి కూరిన తెల్లగుడ్డ ఉంది. విప్పి అంచు చూశాను. ఆయన పాత పంచె.

మా వీధిలో కుళాయికి గుడ్డ కట్టని ఇల్లు లేదు. ఈ జబ్బు నీళ్లవల్లేనంటారు గానీ, ఆ నీళ్లలో ఏముందో తేల్చి చెప్పినవాళ్లు లేరు గనక, చేతనైంది అదొక్కటే గనక, కడతారు. మా ఇంట్లో ఆయన కట్టడం, జిగటపట్టి కంపుకొడుతోందని నేను పీకి పారేయడం. పైన కడితే ఉంచనని ఈసారి లోపల పెట్టాడు.

ఆ ముక్క పట్టుకుని గదిలోకి వెళ్లాను. చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు. మేనత్త కొడుకు, పెళ్లయ్యాకా నాకు బావే.

"ఏటిది బావా?"

"సూసీసేవా?"

"నువ్వు తాగేదే రోజుకి రెండు గ్లాసులు. ఎవలి కోసం ఈ వడపోత?"

"నా ఒంట్లోకి ఎల్లిందేదో ఎల్లిపోనాది. నీ ఒంట్లోకి ఎల్లకూడదు కదేటి."

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? డిగ్రీలో కెమిస్ట్రీ చదివినదాన్ని. "గుడ్డకి మట్టి ఆగుతాది గానీ, నీళ్లల్లో కరిగిపోయింది ఆగుతాదేటి? ఉప్పునీళ్లు వడబొయ్యి, కిందకి ఉప్పునీళ్లే వస్తాయి. ఇంతమాత్రం తెల్దా నీకు?" అని దులిపేశాను.

ఆయన కోప్పడలేదు. నా చేతిలోంచి ముక్క తీసుకుని, కిటికీ బయటకు నీళ్లు పిండి, మడత సరిచేశాడు.

"మరి ఏటి కడితే ఆగుతాదే?"

వెటకారం కాదు. చదువుకున్నది, చెబుతుందని నిజంగానే అడిగాడు. ఊళ్లో ఎవరితోనైనా వాదించి ఆఖరి మాట నాదే అనిపించుకున్న మనిషిని, ఆయన ఆస్పత్రి కాయితాలు సంచిలో సర్దడం మొదలుపెట్టాను. బయట ఆటో హారన్ కొట్టింది. "ఆలీసమైపోతంది, పద" అన్నాను.

సాయంత్రం తిరిగొచ్చాక ఆ ముక్కను సబ్బు పెట్టి ఉతికి, మళ్లీ అదే మడతలు పెట్టి, జాలీ మీద ఉంచి మూతి బిగించాను. నీళ్లు సన్నగా పడుతుంటే బిందె నిండేదాకా నిలబడ్డాను. ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. అలా చూడడానికి ఆయన ఉన్నది మరో రెండు నెలలే.